ప్రభువు కోసం కనిపెట్టే కాలంలో నమ్మకంగా, ఓర్పుతో ఎలా జీవించాలి

ప్రభువు రాకడ కోసం ఎదురుచూసే ప్రతి క్రైస్తవ కుటుంబంలోనూ దానితో పాటు మరొక ఎదురుచూపు ఉంటుంది. పెళ్లయి ఏళ్లు గడిచినా సంతానం లేని దంపతులు, సంఘానికి దూరమైన కొడుకు కోసం రాత్రివేళ మోకరించే తల్లి, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే తండ్రి, ఉద్యోగ నోటిఫికేషన్ కోసం గదిలో కూర్చుని చదువుకునే యువకుడు, వీరందరూ ఆదివారం ఆరాధనలో "నీ రాజ్యము వచ్చుగాక" అని కలిసి పలుకుతారు. రోమా పత్రిక 8వ అధ్యాయంలో పౌలు సృష్టి యావత్తూ మూలుగుతున్నదని చెప్పి, ఆత్మ యొక్క ప్రథమ ఫలాలు పొందిన మనం కూడా మన దేహ విమోచన కోసం కనిపెడుతూ లోలోపల మూలుగుతున్నామని అంటాడు. మన ఇంటి ఎదురుచూపులు ఆ పెద్ద ఎదురుచూపులో భాగమే గనుక రెండింటినీ ఒకే విధంగా మోయడం నేర్చుకోవాలి. దేవుని కోసం కనిపెట్టడమంటే ఆయన వస్తాడన్న నమ్మకంతో ఈ రోజు మన చేతికి వచ్చిన పనిని పూర్తిగా చేయడం. ఈ కింద చెప్పిన మెట్లన్నీ ఆ ఒక్క మాటను రోజువారీ జీవితంలో ఎలా ఆచరించాలో వివరిస్తాయి.

1. దేనికోసం కనిపెడుతున్నారో విడదీసి రాసుకోండి

ఒక నోటుపుస్తకం తీసుకుని పేజీని మూడు భాగాలుగా చేయండి. మొదటి భాగంలో దేవుడు తన ప్రజలందరికీ చేసిన వాగ్దానాలు రాయండి: క్రీస్తు తిరిగి రావడం, మృతుల పునరుత్థానం, ప్రతి కన్నీటి బిందువూ తుడిచివేయబడటం, యుగసమాప్తి వరకు ఆయన మనతో ఉండటం. రెండవ భాగంలో మీరు ఆయనను అడుగుతున్నవి రాయండి. మూడవ భాగంలో ప్రవచనమనో, దర్శనమనో, కలలో కనబడిందనో ఇతరులు మీకు చెప్పినవి రాయండి. చాలామంది విశ్వాసులు సొమ్మసిల్లిపోవడానికి కారణం ఈ మూడూ మనసులో ఒకటిగా కలిసిపోవడమే. మూడవ భాగంలోని మాట నెరవేరనప్పుడు మొదటి భాగంలోని దేవుడే మాట తప్పాడని వారికి అనిపిస్తుంది. రెండవ భాగంలోని వాటికి ఆయన "కాదు" అని కూడా చెప్పవచ్చు. తన శరీరంలోని ముల్లు తొలగించమని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు తొలగలేదు గాని "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు తీసుకునే ఆనవాయితీ మన తెలుగు సంఘాల్లో చాలాచోట్ల ఉంది. ఆ కార్డు మీద తరచుగా కనిపించే వచనాల్లో యిర్మీయా 29:11 ఒకటి. మీకు అది వస్తే దానిని గోడకు అతికించే ముందు 28, 29 అధ్యాయాలు రెండూ ఒకే కూర్చున్నపాటున చదవండి. క్రీ.పూ. 597లో బబులోనుకు చెరగా వెళ్లిన వారికి యిర్మీయా యెరూషలేము నుండి రాసిన ఉత్తరంలోని వచనం అది. దానికి ముందరి వచనం బబులోనుకు డెబ్బది సంవత్సరాలు నిండాలని చెబుతుంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో అత్యధికులు మళ్లీ యెరూషలేమును కళ్లారా చూడబోరు. వారికి చెప్పిన సమాధానకరమైన ఉద్దేశాలు వారి పిల్లల, మనవళ్ల కాలానికి చేరే ఉద్దేశాలు. 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలోనే అంతా తిరిగి వస్తుందని మందిరంలో అందరి ముందు ప్రకటించి, యిర్మీయా మెడ మీది కాడిని తీసి విరిచాడు. జనం కోరుకున్న మాట అదే. హనన్యా ఆ సంవత్సరమే ఏడవ నెలలో చనిపోయాడు.

కాబట్టి "మూడు నెలల్లో మీకు జరుగుతుంది" అని ఎవరైనా చెబితే ఆ మాటను మూడవ భాగంలో తేదీతో సహా రాసి, మీ సంఘ కాపరికో పెద్దలకో చూపించండి. ఆ మాట మీద ఆధారపడి అప్పు చేయవద్దు, పొలం అమ్మవద్దు, ఉద్యోగం మానవద్దు. ఎదురుచూపు తగ్గాలంటే ఇంత కానుక ఇవ్వాలని ఎవరైనా అడిగితే అక్కడి నుండి లేచి రండి. స్వస్థత పొందిన నయమాను తెచ్చిన కానుకను ముట్టనని ఎలీషా ప్రవక్త యెహోవా జీవముతోడని ప్రమాణం చేశాడు. దాని వెంట పరుగెత్తి వెండి, బట్టలు పుచ్చుకున్న ఎలీషా సేవకుడు గేహజీకి ఏం జరిగిందో రాజుల రెండవ గ్రంథం 5వ అధ్యాయంలో ఉంది.

2. తేదీలు లెక్కపెట్టడం మానండి

ఈ మెట్టు చిన్నదే గాని ఇక్కడ రాజీ పడకూడదు. ఆ దినాన్ని గూర్చి, ఆ గడియను గూర్చి తండ్రి తప్ప ఎవరూ ఎరుగరని మత్తయి 24:36లో ప్రభువే చెప్పాడు. కాలాలను, సమయాలను తెలుసుకోవడం మీ పని కాదని అపొస్తలుల కార్యములు 1:7లో శిష్యులకు మరొకసారి చెప్పాడు. అమెరికాలో విలియం మిల్లర్ బోధ విన్న వేలాదిమంది 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని నమ్మారు, కొందరైతే పొలంలో పంటను కోయకుండానే వదిలేశారు. ఆ మరునాడు వారు అనుభవించిన దుఃఖం నిజమైనది, వారి భక్తి కూడా నిజమైనదే. అయినా తెలుసుకోవడం మీ పని కాదని ప్రభువు అన్న దానిని తెలుసుకోబోయి వారు విరిగిపోయారు. యుద్ధాలు, గ్రహణాలు చూపించి రాకడ తేదీని లెక్కకట్టే వీడియో మీ ఫోనుకు వస్తే దానిని ఇంకొకరికి పంపకండి. ఇంట్లో పిల్లలు భయపడి అడిగితే మత్తయి 24, 25 అధ్యాయాలు తెరిచి వారితో కలిసి చదవండి. ఆ భాగమంతా చివరికి యజమాని లేని సమయంలో దాసుడు ఏం చేస్తున్నాడన్న ప్రశ్న దగ్గరికే వస్తుందని వారికే అర్థమవుతుంది.

3. జవాబు రాకముందే చేయగల పనిని ఈ రోజే చేయండి

మాసిదోనియలోని థెస్సలొనీక సంఘానికి పౌలు కొరింథు నుండి క్రీ.శ. 50 ప్రాంతంలో రాసిన మొదటి పత్రికలో ప్రతి అధ్యాయం చివరా ప్రభువు రాకడ ప్రస్తావన ఉంది. రాకడను అంతగా నమ్మిన ఆ సంఘంలోనే కొందరు పని మానేసి, ఇతరుల జోలికి పోతూ, ఇతరుల తిండి తింటూ కాలం గడిపారు. పౌలు వారికి తానే ఆదర్శంగా రాత్రింబగళ్లు కష్టపడి పనిచేశానని గుర్తుచేసి, నెమ్మదిగా పని చేసుకుంటూ సొంతంగా సంపాదించుకున్న ఆహారం తినమన్నాడు. పని చేయనొల్లని వాడు భోజనము చేయకూడదన్న మాట ఆ సందర్భంలోనిది. పని వెతుక్కున్నా దొరకని వారి మీద ఆ మాటను ప్రయోగించడం అన్యాయం. మీ సంఘంలో నిరుద్యోగి ఎవరైనా ఉంటే ఈ వచనం వినిపించడానికి బదులు తెలిసినచోట పని చూపించండి.

యాకోబు పత్రిక 5వ అధ్యాయం మనకు వ్యవసాయదారుని చూపిస్తుంది. పాలస్తీనాలో తొలకరి వర్షం అక్టోబరు, నవంబరు నెలల్లోను, కడవరి వర్షం మార్చి, ఏప్రిల్ నెలల్లోను కురుస్తుంది. ఆ రెండింటి మధ్య అక్కడి రైతు దున్నుతాడు, విత్తుతాడు, కలుపు తీస్తాడు, కాపలా కాస్తాడు. వానను మాత్రం తెప్పించలేడు. మీ ఎదురుచూపులో కూడా మీ వశంలో లేనిది, మీ వశంలో ఉన్నది అని రెండు ఉంటాయి. రాత్రి పడుకునే ముందు మీరు ఎదురుచూస్తున్న జవాబుతో సంబంధం లేకుండా రేపు చేయగలిగిన రెండు మూడు పనులు రాసుకోండి. అవి మామూలు పనులే కావాలి: ఇంటి పైకప్పు మరమ్మతు, ఆలస్యమైన దరఖాస్తు, పక్కింటి పెద్దమ్మకు మందులు తెచ్చిపెట్టడం, పిల్లవాడికి లెక్కలు చెప్పడం. వీలునామా రాయడం, బీమా కట్టడం, చెట్టు నాటడం రాకడ మీది విశ్వాసానికి విరుద్ధం కావు.

ఇందుకు యిర్మీయా జీవితంలోనే గట్టి ఆధారం ఉంది. చెరలో ఉన్నవారికి అతడు ఇండ్లు కట్టుకోమని, తోటలు నాటుకోమని, పిల్లలకు పెండ్లిండ్లు చేయమని, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించమని రాశాడు. ఆ తరువాత బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉండగా, తాను చెరసాల ప్రాకారంలో ఉండగా, అనాతోతులోని పొలాన్ని పదిహేడు తులముల వెండికి కొన్నాడు, సాక్షులను పిలిచి పత్రం రాయించి, అది చాలాకాలం ఉండేలా మట్టికుండలో దాచమన్నాడు. ఆ పొలంలో అప్పుడు సేద్యం చేయడం సాధ్యం కాదు. అయినా దేవుడు ఆ దేశాన్ని తిరిగి ఇస్తాడని నమ్మాడు గనుక వెండి తూచి ఇచ్చాడు. అమెరికాలో గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ల తరబడి నిలబడి, "వచ్చాక చూద్దాం" అంటూ సంఘంలో చేరడం, ఇరుగుపొరుగుతో కలవడం, చివరికి పిల్లలకు తెలుగు బైబిలు నేర్పించడం కూడా వాయిదా వేస్తున్న మన కుటుంబాలు యిర్మీయా 29:4-7ను ఇంట్లో గట్టిగా చదువుకోవాలి. మీరున్న ఊరి క్షేమం కోసం ఇప్పుడే పనిచేయండి. కాగితాలు వచ్చినా రాకపోయినా ఆ పని వృథా కాదు.

స్వస్థత కోసం కనిపెట్టే వారికి ఒక మాట విడిగా చెప్పాలి. హిజ్కియా రాజుకు ఇంకా పదిహేను సంవత్సరాల ఆయుష్షు ఇస్తానని దేవుడు స్పష్టంగా చెప్పిన తరువాత కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. వాగ్దానం ఉన్నచోటే మందు కూడా ఉంది. షుగరు మాత్రలు, ఇన్సులిన్, బీపీ మందులు, టీబీ మందులు విశ్వాసం పేరుతో ఎవరు మానమన్నా మానకండి. ప్రార్థన చేశాక బాగుందనిపిస్తే పరీక్ష చేయించి, మోతాదు తగ్గించాలా వద్దా అన్నది డాక్టరుతో నిర్ణయించుకోండి. ఉపవాస ప్రార్థనకు కూర్చునే షుగరు రోగులు, గర్భిణులు ముందుగా వైద్యుని అడగాలి. వారు భోజనం బదులు ఫోనునో, టీవీనో మానుకుని ఆ సమయాన్ని ప్రార్థనకు ఇవ్వవచ్చు.

4. మొరపెట్టడం నేర్చుకోండి

ఓర్పు అంటే బాధ లేనట్టు ముఖం పెట్టుకోవడమని మనలో చాలామంది అనుకుంటారు. కీర్తనల గ్రంథం అలా అనుకోదు. 13వ కీర్తన మొదటి రెండు వచనాల్లోనే దావీదు ఎంతవరకు అని నాలుగుసార్లు అడుగుతాడు. ఈ కీర్తనలో ఆరే వచనాలు ఉన్నాయి గనుక దీనిని మీ రోజువారీ ప్రార్థనకు మార్గంగా తీసుకోండి. పొద్దున్నే ఎవరూ లేవకముందు ఒక పావుగంట కేటాయించండి. మొదట మీ ప్రశ్నను దాచకుండా దేవునికి చెప్పండి, అవసరమైతే మీ మాటల్లో, మీ యాసలో, గొంతు పెంచి చెప్పండి. తరువాత ఈ రోజుకు కావలసిన ఒక్క సంగతి అడగండి. చివరగా ఆయన గతంలో మీకు చేసిన మేలు ఒకటి పేరు పెట్టి తలచుకోండి. ఆ చివరి భాగం ఏదో ఒక రోజు నోటికి రాకపోతే బలవంతం చేయకండి, 88వ కీర్తన తెరవండి. అది "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో ముగుస్తుంది, ఆ తరువాత ఓదార్పు వచనం ఒక్కటి కూడా లేదు. అయినా అది ప్రార్థనే, దానిని కూడా దేవుని ప్రజలు తరతరాలుగా చదువుకున్నారు.

మొర వేరు, మనసు పూర్తిగా కుంగిపోవడం వేరు. ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని తన ప్రాణం తీసుకోమని అడిగినప్పుడు దేవుడు అతనిని గద్దించలేదు, నిద్రపోనిచ్చాడు, దూత చేత రెండుసార్లు రొట్టె, నీళ్లు ఇప్పించాడు. ఆ తరువాతే మాట్లాడాడు. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి లేకపోయినా, బతకాలని లేదనిపించినా మీ కాపరికి చెప్పడంతో పాటు మానసిక వైద్యుని కలవండి. ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఏలీయాకు దూత చేత రొట్టె పంపిన దేవుడే మీకు ఈ సహాయాన్ని కూడా అందుబాటులో ఉంచాడని తీసుకోండి.

5. ఒంటరిగా కనిపెట్టకండి

1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండ మీద ఐదుగురు మోకరించారు. వారు నెల్లూరులో పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, వారితో పాటు నర్సు (ఇది పేరే), జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగు క్రైస్తవులు. నెల్లూరు మిషన్ 1840 నుండి ఉన్నా విశ్వాసులు కొద్దిమందే కావడంతో దానిని మూసివేయాలా అన్న చర్చ అంతకు ముందు ఏడాదే అమెరికాలో జరిగింది. ఆ కొండ మీద వారు ఒంగోలుకు ఒక సేవకుని పంపమని అడిగారు. జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చి స్థిరపడేవరకు పన్నెండేళ్లు గడిచాయి. మరుసటి జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిదిమంది సభ్యులతో మొదలైంది. ఆ కొండను నేటికీ ప్రేయర్ మీటింగ్ హిల్ అంటారు.

ఈ చరిత్ర చెప్పేటప్పుడు మనం తరచుగా 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది ఒక్కరోజే బాప్తిస్మం పొందిన ఘట్టానికి పరుగెత్తుతాం. నా దృష్టిలో దానికి ముందు జరిగినదే మనకు ఎక్కువ నేర్పుతుంది. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని కల్పించాడు. ఎంతోమంది బాప్తిస్మం అడిగినా, కూలి కోసం, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు సహాయం సాగినన్నాళ్లూ ఆపి ఉంచాడు. ఫలం చేతికి అందేంత దగ్గరలో ఉన్నా తొందరపడకపోవడం, ఆ సమయంలో ఆకలిగొన్న వారికి పని చూపడం, ఈ రెండూ కలిసినదే క్రైస్తవ ఓర్పు. మీ ప్రార్థనకు కూడా అంతటి సంఖ్యలో ఫలం వస్తుందని ఈ చరిత్ర హామీ ఇవ్వదు, అలా వాడుకోవడం ఆ ఐదుగురికి చేసే న్యాయం కాదు.

మీరు చేయవలసినది ఇది. మాట బయటికి పొక్కనివ్వని ఇద్దరు ముగ్గురిని ఎంచుకుని వారానికొకసారి కలవండి, దూరంగా ఉంటే ఫోనులో కలవండి. గంటకు మించి కూర్చోవద్దు. ప్రతి ఒక్కరూ తమ ఎదురుచూపు గురించి ఒక మాట చెప్పాలి, మిగిలినవారు సలహా ఇవ్వకుండా దాని కోసం ప్రార్థించాలి. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని దగ్గర మౌనంగా కూర్చున్నంతసేపు మంచి స్నేహితులుగానే ఉన్నారు, చిక్కంతా వారు నోరు విప్పాకే మొదలైంది. "మీకు విశ్వాసం తక్కువ", "ఏదో పాపం దాచి ఉంటారు" అన్న మాటలు ఆ కూటంలో వినిపించకూడదు. సంతానం లేని దంపతులను "ఏమైనా విశేషమా?" అని అడగకండి. దానికి బదులు "అక్కా, ఈ వారం మీ కోసం ఏమని ప్రార్థించమంటారు?" అని అడగండి. జవాబు చెప్పాలా వద్దా అన్నది వారి ఇష్టానికి వదిలేయండి.

అన్నిటికన్నా కష్టమైనది సాక్ష్యాల సమయం. మీరు పదేళ్లుగా అడుగుతున్నది మీ పక్కన కూర్చున్న చెల్లెలికి ఒక్క ఏడాదిలో దొరికిందని ఆమె మైకు పట్టుకుని చెబుతున్నప్పుడు గుండె బరువెక్కడం పాపం కాదు. ఏటేటా షిలోహుకు వెళ్లిన ప్రతిసారీ సవతి పెనిన్నా మాటలకు సంతానం లేని హన్నా ఏడ్చి భోజనం మానేసింది. సాక్ష్యం చెప్పిన ఆ చెల్లెలి చేయి పట్టుకుని "దేవునికి స్తోత్రం" అని ఒక్క మాట చెప్పండి, అంతకు మించి మాటలు రాకపోతే ఇంటికి వెళ్లి మీ మొరను మీ దేవునికి చెప్పుకోండి. సంఘ పెద్దలు కూడా జవాబు పొందినవారికి ఇచ్చే మైకును అప్పుడప్పుడు ఇంకా కనిపెడుతున్నవారికి ఇవ్వాలి. రోమా 12:15లో సంతోషించేవారితో పాటు ఏడ్చేవారు కూడా ఉన్నారు.

6. ప్రభువు బల్లను ఎదురుచూపుకు గడువుగా పెట్టుకోండి

తేదీలు లెక్కపెట్టవద్దన్నాను గాని మనిషికి ఏదో ఒక గుర్తు కావాలి. ఆ గుర్తును ప్రభువే ఇచ్చాడు. రొట్టె తిని, పాత్రలోనిది తాగిన ప్రతిసారీ ఆయన వచ్చువరకు ఆయన మరణాన్ని ప్రచురిస్తామని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11:26 చెబుతుంది. ఒక ప్రభు భోజన సంస్కారం నుండి మరొక దాని వరకు నమ్మకంగా ఉండటం మోయగలిగిన కొలత. బల్ల దగ్గరికి వెళ్లే ముందటి శనివారం ఎవరితోనైనా మనస్పర్థ ఉంటే సరిచేసుకోండి, ఇవ్వవలసిన బాకీ ఉంటే ఇవ్వండి లేదా గడువు అడగండి. క్రిస్మసుకు ముందు నాలుగు ఆదివారాలను ఆగమన కాలంగా పాటించే సంఘాల్లో ఉన్నవారు ఆ వారాల్లో లూకా 1, 2 అధ్యాయాలను నెమ్మదిగా చదవండి. సుమెయోను, అన్న అనే వృద్ధ ప్రవక్త్రి ఇద్దరూ కనిపెట్టి శిశువైన యేసును చూశారు. అన్న కనిపెట్టిన ఏళ్లన్నీ దేవాలయం విడువకుండా ఉపవాస ప్రార్థనలతో సేవ చేస్తూ గడిపినవేనని లూకా ప్రత్యేకంగా చెబుతాడు.

7. మీరు పూర్తి చేయలేని పనిని మొదలుపెట్టండి

హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం వాగ్దాన ఫలాన్ని అనుభవించకుండానే దూరం నుండి చూసి వందనం చేసి, విశ్వాసం గలవారై మృతి పొందినవారిని మన ముందు నిలుపుతుంది. మీరు అడుగుతున్నది మీ జీవితకాలంలో రాకపోవచ్చునన్న సంగతిని ఒకసారి ప్రార్థనలో సూటిగా ఒప్పుకోండి. ఇది అందరికీ ఒకే రోజున సాధ్యం కాదు, దీనికి ఏళ్లు పట్టినా పరవాలేదు. ఒప్పుకున్నాక దావీదు చేసినట్టు చేయండి. మందిరం కట్టేది నీవు కాదని దేవుడు చెప్పాక అతడు అలిగి కూర్చోలేదు, మేకులకు ఇనుము, విస్తారంగా ఇత్తడి, లెక్కలేనన్ని దేవదారు మ్రానులు సమకూర్చి, మందిరపు నమూనాను సొలొమోను చేతిలో పెట్టాడు.

మీ విషయంలో అది సండేస్కూలులో ఒక తరగతిని పదేళ్లు చూసుకోవడం కావచ్చు, సంఘ సమాధుల తోటకు ప్రహరీ కట్టించే నిధికి నెలనెలా కొంత వేయడం కావచ్చు, సంఘంలో ఫీజు కట్టలేని ఒక పిల్లను డిగ్రీ దాకా చదివించడం కావచ్చు. ఇంటికి రాని కొడుకు కోసం కనిపెడుతున్న తల్లి, ఆ కొడుకు వయసున్న ఇంకొక కుర్రవాడికి హాస్టలు నుండి వచ్చిన ఆదివారాల్లో భోజనం పెట్టవచ్చు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మీ కాపరి గారిని కలిసి, మీ సంఘంలో ఎవరూ ముందుకు రాక ఆగిపోయిన పని ఏదో అడగండి. దానికి మీరు వారంలో ఎన్ని గంటలు ఇవ్వగలరో ఆయనకు అప్పుడే చెప్పండి.